ఏఎం, ఎస్‌ఎస్‌బీ: ఒకరి మాట ఒకరికి అందుతుందా?

హ్యామ్ రేడియోలో నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది.

ఏఎంలో ఒక క్యారియర్, దానికి రెండు పక్కలా ఒకే మాటను మోసే సైడ్‌బ్యాండ్‌లు ఉంటాయి. ఎస్‌ఎస్‌బీ సెట్‌లో వింటే క్యారియర్ ఈలలా వినిపిస్తుంది. డయల్ మెల్లగా తిప్పి ఈల పూర్తిగా ఆగేదాకా తెచ్చారంటే మాట స్పష్టం. ఎల్‌ఎస్‌బీ అయినా, యూఎస్‌బీ అయినా ఫర్వాలేదు.

తిరుగుదారే కష్టం. ఎస్‌ఎస్‌బీలో క్యారియర్ ఉండదు కదా, మామూలు ఏఎం రేడియోలో అది బాతు అరుపులా ఉంటుంది. బీఎఫ్‌ఓ ఉంటేనే, అది లోపల క్యారియర్‌ని సమకూర్చి మాటను తేలుస్తుంది.

అందుకే తుఫాను వేళ పాత ఏఎం సెట్‌తో ఎవరైనా పిలిస్తే, మీకు అర్థమైంది కదా అని ఎస్‌ఎస్‌బీలోనే జవాబివ్వకండి. మీరే ఏఎంకి మారండి. 100 వాట్ల సెట్ అయితే క్యారియర్‌ని 25 వాట్ల దగ్గర పెట్టండి. మాట శిఖరాల్లో అది నాలుగింతలై 100కి చేరుతుంది.