పాలు, పెరుగు, నెయ్యి – ఎంపికలో మెలకువలు

తెలుగువారి విస్తరిలో మొదటి ముద్దకు నెయ్యి, చివరి ముద్దకు పెరుగు తప్పనిసరి. అమెరికాలో స్థిరపడి తరాలు మారుతున్నా ఈ క్రమం మారలేదు. మారినది పాడి. దొడ్డిలోని గేదెకు, వాడుక పాలు పోసే మనిషికి బదులు సూపర్ మార్కెట్‌లోని చల్లని అరలు వచ్చాయి. అక్కడ పది రంగుల మూతలతో, ఇరవై రకాల లేబుళ్ళతో పాలు బారులు తీరి ఉంటాయి. వాటిలో ఏది తాతగారి గుండెకు మంచిది, ఏది పసివాడి ఎముకలకు మంచిది అన్నది ధరను బట్టిగాని, ప్రకటనలను బట్టిగాని తేలే విషయం కాదు.

శాకాహారికి పాలే ఆధారం

ఒక కప్పు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల ఆవుపాలలో 8 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. వీటికి మించి శాకాహారులు గుర్తుంచుకోవలసినది బి-12 విటమిన్. పప్పులలో, కూరగాయలలో ఇది సహజంగా లభించదు. పెద్దలకు రోజుకు 2.4 మైక్రోగ్రాములు అవసరం కాగా, ఒక కప్పు పాలలో అందులో సగం వరకు దొరుకుతుంది. బి-12 లోపిస్తే రక్తహీనతతో పాటు నాడీమండలం దెబ్బతినే ప్రమాదం ఉంది. క్రొవ్వుకు భయపడి మాంసం తినని పెద్దలు పాలు, పెరుగు పూర్తిగా మానివేస్తే ఒక ముప్పు తప్పించుకోబోయి మరొక ముప్పును కొని తెచ్చుకున్నట్లే. వెన్న తీసిన పాలలోనూ కాల్షియం, బి-12, మాంసకృత్తులు ఇంచుమించు అంతే ఉంటాయి. తగ్గేది క్రొవ్వు మాత్రమే.

అంకెల వెనుక అర్థం

అమెరికాలో హోల్ మిల్క్ అని అమ్మే పాలలో కనీసం 3.25 శాతం క్రొవ్వు ఉంటుంది. ఆంధ్రదేశపు గేదెపాలలో ఇది 6 నుండి 8 శాతం వరకు ఉంటుంది. ఇక్కడి పాలు పలుచగా తోచడానికి కారణం ఇదే గాని కల్తీ కాదు. “2 శాతం పాలు” అన్నప్పుడు క్రొవ్వులో రెండు వంతులే మిగిలిందని పలువురు భ్రమపడుతుంటారు. నిజానికి హోల్ మిల్క్‌లోని క్రొవ్వులో ఐదింట మూడు వంతులకు పైగా వాటిలో మిగిలే ఉంటుంది. క్రొవ్వు నిజంగా తగ్గించుకోవలసిన వారు 1 శాతం పాలనో, స్కిమ్ పాలనో ఎంచుకోవాలి.

పసిపిల్లల విషయం వేరు. ఏడాది నిండని బిడ్డకు నీళ్ళు కలిపిన ఆవుపాలు పట్టే పాత అలవాటు మంచిది కాదు. ఆ పాలలో ఇనుము బహుస్వల్పం, పైగా లేత ప్రేగులలో రక్తస్రావం కలిగించవచ్చు. తల్లిపాలు, అవి చాలనప్పుడు శిశువులకై తయారైన ఫార్ములా మాత్రమే తగినవి. ఏడాది నుండి రెండేళ్ళ వరకు సాధారణంగా హోల్ మిల్క్ ఇవ్వడం మేలు.

పచ్చిపాల మోజు

72 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద 15 సెకన్లు వేడిచేసి వెంటనే చల్లార్చడం సాధారణ పాశ్చురైజేషన్. దీనివల్ల వ్యాధికారక సూక్ష్మజీవులు నశిస్తాయి, పోషక విలువలు పెద్దగా తగ్గవు. కొందరు ఊరి పాల రుచిని వెతుక్కుంటూ పొలాల వద్ద పచ్చిపాలు కొంటుంటారు. అయితే ఊళ్ళో పాలను దాలిపై ఎర్రగా కాగనిచ్చి గాని తాగేవారు కారన్నది మరువరాదు. 2024 మార్చిలో అమెరికాలోని పాడి ఆవులలో హెచ్5ఎన్1 పక్షిజ్వరం వైరస్ బయటపడింది. జబ్బు సోకిన ఆవుల పచ్చిపాలలో ఆ వైరస్ విస్తారంగా కనిపించగా, దుకాణాల నుండి సేకరించి పరీక్షించిన పాశ్చురైజ్డ్ పాలలో సజీవ వైరస్ కనిపించలేదు. పాశ్చురైజ్ చేసిన పాలను ఇంట్లో మళ్ళీ కాచకపోయినా భయం లేదు.

తోడులోని శాస్త్రం

అయినా పెరుగుకై పాలు కాచి తీరాలి. సుమారు 82 డిగ్రీలకు కాచినప్పుడు పాల తేటలోని మాంసకృత్తులు విచ్చుకుని కేసిన్‌ను అంటుకుంటాయి. అందువల్ల పెరుగు గట్టిగా, నీరు విడవకుండా తోడుకుంటుంది. పిదప 43 డిగ్రీలకు, అంటే వేలికి గోరువెచ్చగా తగిలేవరకు చల్లార్చి తోడు వేయాలి. దుకాణపు పెరుగులోని రెండు ముఖ్యమైన సూక్ష్మజీవులకు ఆ వెచ్చదనమే అనుకూలం. చలికాలంలో పెరుగు తోడుకోకపోవడానికి సాధారణంగా తోడు తప్పు కాదు, గిన్నె చల్లబడటమే కారణం. సజీవ సూక్ష్మజీవులు ఉన్నట్లు లేబుల్‌పై తెలిపిన, జెలటిన్, పిండి, చక్కెర కలపని పెరుగే తోడుకు శ్రేష్ఠం. జెలటిన్ జంతువుల నుండి వచ్చేది గనుక శాకాహారులు లేబుల్ చదవడం అవసరం.

పండ్ల రుచుల పెరుగు పిల్లలకు ఇష్టమే గాని, అందులో చక్కెర దండిగా చేరవచ్చు. 2016లో సవరించిన పోషక పట్టికలో కలిపిన చక్కెరను విడిగా చూపుతున్నారు. ఆ వరుసలో సున్నా ఉన్న పెరుగు కొని, ఇంట్లో మామిడిపండు ముక్కలు కలిపి ఇవ్వడం మేలు. ఇంటి పెరుగుకు మరొక సుగుణం ఉంది. డి విటమిన్ చేర్చిన పాలతో తోడుపెడితే ఆ విటమిన్ పెరుగులోనూ ఉంటుంది. దుకాణంలో దొరికే పెరుగులన్నిటిలో దీనిని చేర్చరు. ఎండ తక్కువగా సోకే ఉత్తర రాష్ట్రాలలో చామనచాయ వారికి ఇది గమనార్హం.

నేతి చెంచా

నెయ్యి పూర్తిగా క్రొవ్వే. ఒక పెద్ద చెంచాలో 8 గ్రాములకు పైగా సంతృప్త క్రొవ్వు ఉంటుంది. ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ తగ్గించుకోవలసిన వారికి రోజుకు 2000 కేలరీల ఆహారంలో ఇది 13 గ్రాములు మించరాదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచిస్తున్నది. అంటే రెండు పెద్ద చెంచాలతోనే హద్దు దాటుతుంది. దక్షిణాసియా సంతతివారికి గుండెజబ్బుల ముప్పు అధికమని అధ్యయనాలు పలుమార్లు తేల్చాయి. పప్పన్నంలో పరిమళానికి చిన్న చెంచాడు చాలు. సేంద్రియమైనదైనా, ఎంత ఖరీదైనదైనా నేతిలో ఈ లెక్క మారదు.

పాలు పడనివారు

పెద్దవారైన కొద్దీ లాక్టోజ్ అనే పాలచక్కెరను జీర్ణం చేసే లాక్టేస్ ఎంజైము పలువురిలో తగ్గిపోతుంది. పాలు తాగగానే కడుపు ఉబ్బరించే ఇలాంటివారిలో చాలామందికి పెరుగు ఇబ్బంది కలిగించదు. లాక్టోజ్ తొలగించిన పాలు కూడా దొరుకుతున్నాయి, వాటిలో మిగిలిన పోషకాలు యథాతథంగా ఉంటాయి. బాదంపాలు వీటికి సాటి రావు. కప్పుకు ఒక గ్రాము మాంసకృత్తులే ఉండే రకాలు అనేకం. సోయాపాలు కొంత నయం, కాల్షియం, బి-12 చేర్చినవి అయితేనే.

ఇంట్లో అందరికీ ఒకే డబ్బా కొనడం సులువే గాని సబబు కాదు. రెండేళ్ళలోపు బిడ్డకు, ఎదిగే పిల్లలకు, గుండెజబ్బు ఉన్న తాతగారికి వేర్వేరు పాలు కావలసి రావచ్చు. అమ్మమ్మలు పాలను వాసనతో, మీగడ మందంతో అంచనా కట్టేవారు. ఇక్కడ ఆ మీగడను యంత్రం ముందే తీసివేస్తున్నది గనుక, లేబుల్ వెనుకనున్న చిన్న అక్షరాలను చదవడమే నేటి గృహస్థులు అలవరచుకోవలసిన నేర్పు.