వార్తల్లో పదం: వ్యాట్ పెయిడ్

ఐరోపాలో పాత పడవల అమ్మకం ప్రకటనల్లో ధర పక్కనే కనిపించే మాట ఇది. ఆ పడవపై విలువ ఆధారిత పన్ను ఎప్పుడో కట్టేశారని అర్థం. ఎక్కడ కట్టారన్నదే ఇప్పుడు అసలు చిక్కు.

బ్రిటన్‌లో కట్టిన పన్ను ఫ్రాన్స్‌లో, అక్కడ కట్టింది బ్రిటన్‌లో చెల్లిన రోజులు 2020 డిసెంబర్ 31తో పోయాయి. బ్రెగ్జిట్ పరివర్తన గడువు ఆనాటితో ముగిసింది. ఇప్పుడు ఇంగ్లండ్ వాసి ఫ్రాన్స్ దక్షిణ తీరంలో తెరచాప పడవ కొని ఇంటికి తెస్తే అది దిగుమతి సరుకే. 20 శాతం వ్యాట్ కట్టాల్సిందే. బ్రిటన్ నుంచి తీసుకెళ్లిన సొంత పడవను వెనక్కి తెచ్చుకునేవారికి షరతులతో మినహాయింపు ఉంది కానీ, కొత్తగా కొన్నవారికి అది సాధారణంగా దక్కదు. కాబట్టి బేరమాడే ముందే ఈ అయిదో వంతును ధరకు కలిపి చూసుకోవాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పైగా ఇంటికి చేరిన పడవలో బ్రిటన్ నివాసి మళ్లీ ఐరోపా యూనియన్ జలాల్లోకి వెళ్తే, పన్ను లేకుండా ఉండనిచ్చేది సాధారణంగా 18 నెలలే.

కొన్న పడవను దక్షిణ తీరం నుంచి నీటి మీద ఇంటికి తెచ్చే ప్రధాన దారులు రెండు. జిబ్రాల్టర్ చుట్టి బిస్కే అఖాతం దాటడం ఒకటి. రోన్, సోన్ నదులు, కాలువల మీదుగా సెన్ నదిలోకి రావడం రెండోది. కాలువలపై వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి. అందుకని తెరచాప స్తంభాన్ని క్రేన్‌తో ఊడదీసి, డెక్ మీద చెక్క దన్నులపై అడ్డంగా పడుకోబెట్టి కడతారు. ఇక ఇంజినే దిక్కు. లాకు వచ్చిన ప్రతిసారీ మోకులు పట్టుకుని నిలబడాలి.