ఇల్లు కొనేముందు నీటి లెక్క

ఆక్లండ్‌లో ఇల్లు కొనబోయే మనవాళ్ళు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "కౌన్సిల్ వరద పటంలో మా స్థలం మీద నీలిరంగు ఉందండీ. వాగు ఎక్కడో ఉంది, ఇక్కడికి నీళ్ళెలా వస్తాయి?"

2023 జనవరి 27న వచ్చాయి. ఆ ఒక్కరోజే విమానాశ్రయం దగ్గర సుమారు 245 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వరదల్లో నలుగురు చనిపోయారు.

పటంలోని ఆ రంగు చాలావరకు లెక్క కట్టి వేసిందే. మన ఊళ్ళో వరిమళ్ళు గుర్తు తెచ్చుకోండి. పై మడి నిండితే నీరు గట్టు పొర్లి కింది మడిలోకి దిగుతుంది కదా! కంప్యూటరు కూడా ఊరంతటినీ చిన్న చిన్న మళ్ళుగా కోస్తుంది. నేల ఎత్తు విమానం నుంచి లేజరుతో కొలుస్తారు. ఇక ప్రతి మడికీ ఏ వైపు నుంచి ఎంత నీరు వచ్చింది, ఎటు ఎంత పోయింది అని కిరాణాకొట్టు జమాఖర్చులాగా రాసుకుంటూ పోవడమే. వాలు, వేగం, నేల రాపిడి అన్నీ అందులో ఉంటాయి. లోతు తక్కువ, పరపు ఎక్కువ కనుక నీరు నిలువుగా కదలడాన్ని పట్టించుకోనక్కరలేదు. వీటి మూలసూత్రాలు 1871లో ఫ్రెంచి ఇంజనీరు సెయింట్ వెనాంట్ రాసినవి.

చిక్కంతా కాలంతోనే. మీటరు లోతు నీటిలో అల సెకనుకు 3 మీటర్ల పైచిలుకు పోతుంది. మడి 2 మీటర్లదైతే, మామూలుగా వాడే పద్ధతిలో సెకనులో మూడింట రెండు వంతులకు మించకుండా లెక్క తిరగరాయాలి. ఆలస్యమైతే అల మడిని దూకేస్తుంది, లెక్క పిచ్చెక్కి లేని సముద్రాలు పుట్టిస్తుంది. ఈ హద్దును 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు చెప్పారు. మడి పొడవు, వెడల్పు సగం చేస్తే పని ఎనిమిది రెట్లు! అందుకని మడి సైజు దగ్గర బేరం తప్పదు.

ఆ బేరంలో పక్కింటివారి చెక్క కంచె జారిపోవచ్చు. ఆకులతో పూడిపోయిన తూము సంగతి లేజరుకు తెలియదు. కాబట్టి రంగు లేని చోట నీళ్ళు రావని పటం హామీ ఇవ్వదు.

ఇంకొకటి. "వందేళ్ళ వరద" అంటే నూరేళ్ళకోసారి అని కాదు, ఏ ఏడైనా నూటికి ఒక వంతు అవకాశం. 30 ఏళ్ళ గృహరుణం తీరేలోగా ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. బ్యాంకువాళ్ళు అడక్కపోయినా మీరు వేసుకోవలసిన లెక్క ఇది.

కౌన్సిల్ పటం ఇంటర్నెట్‌లో ఉచితంగానే చూడవచ్చు, లిమ్ రిపోర్టు కూడా తెప్పించుకోండి. ఇల్లు ఎండలో ఎలాగూ చూపిస్తారు, వీలైతే జోరువానలో ఒకసారి మీరే వెళ్ళి రండి. కంచె అడుగున చెత్త పేరుకున్న గీత కనిపిస్తే, నీరు అంతవరకూ వచ్చిందేమో పక్కింటివారిని అడగండి.