డ్రైసూట్ మరమ్మతు: జిగురు ఎంపికకు ఒక ఉదాహరణ

పాలిమర్ల ఉపరితల ధర్మాలు నిత్యజీవితంలో ఎలా పనికివస్తాయో ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం. ఉత్తర సముద్రం వంటి చల్లని నీటిలో మునిగి పనిచేసే డైవర్లు డ్రైసూట్ ధరిస్తారు. దానికి మెడ, మణికట్ల వద్ద బిగుతైన సీళ్లు, నీరు చొరని జిప్పు ఉంటాయి. లోపలి దుస్తుల్లో నిలిచిన గాలి ఒంటి వేడిని కాపాడుతుంది. నీటి ఉష్ణవాహకత గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. కాబట్టి అతుకు ఊడి నీరు చేరితే శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోవచ్చు.

1. బలమైన జిగురే సరైన జిగురా?

కాదు. సయనోఎక్రిలేట్ రకం 'సూపర్ గ్లూ' క్షణాల్లో గట్టిగా అంటుకుంటుంది. కాని గట్టిపడ్డాక అది పెళుసుగా ఉంటుంది. డైవర్ మోచేయి మడిచినప్పుడల్లా సూటు సాగుతుంది, జిగురు సాగదు, చివరకు పగులుతుంది. అందువల్ల రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

(అ) ఈ జిగురు ఆ ఉపరితలంపై పలుచగా పరచుకుని దాన్ని తడపగలదా?
(ఆ) గట్టిపడ్డాక ఆ పదార్థంతోపాటు వంగి, సాగగలదా?

2. పదార్థాన్ని బట్టి ఎంపిక

నియోప్రీన్: ఇది పాలీక్లోరోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు. అదే పాలిమర్‌ను సేంద్రియ ద్రావణిలో కరిగించి చేసిన కాంటాక్ట్ జిగురు దీని చీలికలకు తగినది. జిగురును రెండు అంచులకూ పూసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, ఆ తరువాతే నొక్కాలి. తడిగా ఉండగానే అతికిస్తే ద్రావణి లోపల చిక్కుకుని అతుకు బలహీనపడుతుంది. సైకిలు పంక్చరు వేసేవారు సొల్యూషన్ రాసి కాసేపు ఆగేది ఇందుకే.

మూడు పొరల గుడ్డ: రెండు గుడ్డ పొరల మధ్య బ్యూటైల్ రబ్బరు పొర ఉంటుంది. దీని చిన్న రంధ్రాలకు తేమతో గట్టిపడే పాలీయురెథేన్ జిగురు వాడతారు. గట్టిపడ్డాక అది రబ్బరులా సాగుతుంది. అయితే అందుకు గంటల సమయం పడుతుంది కాబట్టి రాత్రంతా కదపకుండా ఉంచడం మంచిది.

సిలికోన్ సీళ్లు: సిలికోన్ ఉపరితల శక్తి చాలా తక్కువ. తామరాకుపై నీటిలాగా ఇతర జిగుర్లు దానిపై పరచుకోవు. దీనికి సిలికోన్ జిగురే వాడాలి. దాన్ని మూడు పొరల గుడ్డపై పూస్తే మిగిలిపోయే పలుచని పొర మీద తరువాత సరైన జిగురు కూడా నిలవదు.

3. పాటించవలసిన జాగ్రత్తలు

ఉప్పు, చెమట, సీళ్లకు అద్దిన పౌడరు పోయేలా సూటును మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. మరమ్మతు చేసే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అతుకు ముక్క మూలలను గుండ్రంగా కత్తిరించాలి. మొనదేలిన మూల దగ్గరే అతుకు ముందుగా లేస్తుంది. ద్రావణుల ఆవిరి హానికరం, మండే గుణం కలది కాబట్టి గాలి వీచే చోట, నిప్పుకు దూరంగా పనిచేయాలి.

జిగురు పూర్తిగా గట్టిపడ్డాక సీళ్లను మూసి, సూటులో గాలి నింపి, పైన సబ్బునీరు పూయాలి. బుడగలు వస్తే ఇంకా లీకు ఉన్నట్లే. ఈ పరీక్ష పూర్తికాకుండా ఆ సూటుతో నీటిలో దిగరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

సిలికోన్ సీలుపై పాలీయురెథేన్ జిగురు ఎందుకు నిలవదు? ఉపరితల శక్తి ఆధారంగా వివరించండి.