అమ్మీ ట్రంకుపెట్టెలో మా పుస్తకాలు

షాబాన్ నెల వచ్చిందంటే మన ఇళ్లలో దులుపుళ్లు, సున్నాలు మొదలవుతాయి. రమజాన్ నెలవంక కనిపించేలోగా ఇల్లు శుభ్రంగా ఉండాలని పెద్దల పట్టుదల. దేవరకొండలోని మా ఇంట్లో ఈసారి అటక దులిపే పని మా అన్నదమ్ముల మీద పడింది. దుమ్ము పేరుకున్న అమ్మీ ట్రంకుపెట్టె దించి మూత తీస్తే, అబ్బా పాత షేర్వానీ కింద మా చిన్ననాటి పుస్తకాలు బయటపడ్డాయి. అట్ట ఊడిన ఇస్మాయీల్ మేరఠీ ‘ఉర్దూ కీ పహ్లీ కితాబ్’, ఢిల్లీ నుంచి వచ్చే ‘ఖిలౌనా’ సంచికలు నాలుగైదు, దారంతో కుట్టిన ‘చందమామ’లు. సున్నం పని ఆ పూటకు ఆగిపోయింది.

మేరఠీ సాహెబ్ 1844లో మీరట్‌లో పుట్టి 1917లో కన్నుమూశారు. బడిపంతులు కనుక పిల్లవాడి నోరు తిరిగేలా రాశారు. ఆవు మీద ఆయన రాసిన గేయం మాలో ఎవరికీ మరుపు రాలేదు. నిన్న మేసిన గడ్డి ఇవాళ పాలైందని అందులో ఆశ్చర్యపడతారు. చిన్నప్పుడు మాకు అది ఊగుతూ పాడే పాట, అంతే. ఇప్పుడు చదువుతూ మధ్యలో ఆగవలసి వచ్చింది. 1972 కరువులో గడ్డి దొరక్క అబ్బా మా బర్రెను అంగడికి తోలుకుపోయారు. ఆ ఏడాది కూడా మేము పాఠం అప్పజెబుతూ అదే పాట గట్టిగా పాడాం. అబ్బా అరుగు మీద కూర్చుని విన్నారు. ఆయనకు ఎలా ఉండేదో అప్పుడు మాకు తట్టలేదు.

ఆ పాట మా ఇంటి సొత్తూ కాదు. పక్కింటి పట్వారీ తాత సాయంత్రాలు ‘సియాసత్’ పత్రిక కోసం వచ్చి, మేము తడబడిన చోట మాట అందించేవారు. నిజాం కాలంలో సర్కారు చదువంటే ఉర్దూ చదువే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులు కూడా ఉర్దూలోనే చెప్పింది. తాతకు భాగవతం తెలుగులో, దస్తావేజులు ఉర్దూలో. ఇప్పుడు అదే పుస్తకం మా పిల్లల ముందు పెట్టాం. ఖుర్ఆన్ చదువుతారు కనుక అక్షరాలు గుర్తుపట్టారు. జేర్, జబర్ గుర్తులు లేకపోయేసరికి మాట మాత్రం కదల్లేదు.

ఇక్బాల్ రాసిన సాలీడు, ఈగ గేయం మరో రకంగా పలకరించింది. ఆ సాలీడు మా దర్వాజా మూలదే అని చిన్నప్పుడు మా నమ్మకం. 1924లో వచ్చిన ‘బాంగే దరా’లో, ఇది వేరొకచోట నుంచి తీసుకున్నదని కవే రాసుకున్నారు. మూలం మేరీ హోవిట్ అనే ఇంగ్లీషు కవయిత్రిది. తెలిశాక కాస్త చిన్నబోయాం. అయినా ఇంగ్లండు ఈగ లాహోరు మీదుగా దేవరకొండ దాకా వచ్చి వాలిందంటే, అదేమంత చిన్న సంగతి కాదు.

అన్నిటికంటే మమ్మల్ని తికమక పెట్టింది చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన ఈ పత్రికను అమ్మీ చదవలేదు. ఆమెకు ఉర్దూ వచ్చు, తెలుగు అక్షరం రాదు. ఇషా నమాజు తర్వాత కందిలి పెట్టుకుని మేము తెలుగులో చదువుతూ, అప్పటికప్పుడు దక్కనీలో చెప్పేవాళ్లం. విక్రమార్కుడు బాద్షా, బేతాళుడు జిన్నాత్, శ్మశానం ఖబ్రస్తాన్. “ఫిర్ క్యా హువా?” అంటూ అమ్మీ బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది.

ఆ రోజు పెట్టెలో దొరికిన ఒక బేతాళ కథను ఆమెకు మళ్లీ చదివి వినిపించాం. విక్రమార్కుడి జవాబు దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది. “నై బేటా, ఏ నై థా” అంది. అసలు జవాబు ఏమిటో తనే చెప్పింది. విచారించకుండా కొడుకును శిక్షించినందుకు బాద్షాయే క్షమాపణ అడగాలట. పుస్తకంలో ఆ మాటే లేదు. మేము మొహాలు చూసుకున్నాం. చివరికి భాయ్‌జాన్ ఒప్పుకున్నాడు. నాలుగో తరగతి వాడికి ఆ జవాబులోని తెలుగు కొరుకుడు పడక తనే కల్పించాడట. ఆ వారమే అబ్బా చేతిలో దెబ్బలు తిన్నదీ తనేనట. యాభై ఏళ్లుగా అమ్మీ ఆ జవాబునే మనవలకు, మనవరాళ్లకు చెబుతూ వచ్చింది.

బేతాళ కథలు పూర్వం నుంచి ఉన్నవి 25 మాత్రమే. అవి అయిపోయాక చందమామ రచయితలు కొత్తవి కట్టి దశాబ్దాల పాటు నడిపారు. ఈ సంగతి చెబితే, వాళ్లు కట్టగా లేనిది నా కొడుకు కడితే తప్పా అని అమ్మీ వాదన.

సంచికలు తిరగేస్తుంటే ఇంకొకటి కనబడింది. రాజులు, మాంత్రికులు, వర్తకులు, రైతులు అందరూ ఉన్నారు. మా పెట్టెలోని సంచికల్లో మాత్రం, మనలాగా కరువు సీమలో బతికే సాయిబుల ఇల్లు ఒక్కటీ లేదు. అప్పట్లో ఆ లోటు తెలియలేదు. చదివేటప్పుడే అందరినీ దక్కనీ మాట్లాడించి మా వాళ్లను చేసుకున్నాం మరి. మన ఇళ్లు ఉన్న ఇళ్లుగానే తెలుగు పుస్తకాల్లో కనబడేసరికి మేము పెద్దవాళ్లమైపోయాం. ఖదీర్‌బాబు నెల్లూరు సీమ బాల్యంతో రాసిన ‘దర్గామిట్ట కతలు’ 1999లో, మన నల్లగొండ వాడైన స్కైబాబ కూర్చిన ముస్లిం కథల సంపుటి ‘వతన్’ 2004లో వచ్చాయి.

చందమామ ఇప్పుడు రావడం లేదు. ఖిలౌనా 1980లలోనే ఆగిపోయింది. పెట్టెను మళ్లీ అటక ఎక్కించడానికి మాత్రం మాకు మనసొప్పలేదు.

మా తమ్ముడి కూతురు ఏడో తరగతి. ఆవు పాట తనకూ కావాలని నోటుబుక్కు పట్టుకుని దాదీ పక్కన చేరింది. పుస్తకం చూడకుండానే అమ్మీ చెబుతుంటే తెలుగు అక్షరాల్లో రాసుకుంటోంది. మధ్యలో కలం ఆపింది. ‘ఖాక్’లో ఖ గొంతులోంచి వస్తోంది, ‘ఖాయా’లో ఖ అలా లేదు, తెలుగులో రెండింటికీ ఒకటే అక్షరమా అని అడిగింది.

“నాకేం తెలుసమ్మా, మీ బడే అబ్బాను అడుగు. రాకపోతే ఏదో ఒకటి కల్పిస్తాడు” అంది అమ్మీ.