కెర్నెల్ ఎక్కడ ఆగింది?

కంప్యూటర్‌లో అన్నిటికీ అడుగున నడిచే కెర్నెల్ కుప్పకూలితే తెరమీద మిగిలేవి చాలావరకు మెమరీ చిరునామాలు, పొడవాటి అంకెలు. కెర్నెల్ డీబగ్గర్‌లో సింబల్ వెతికే కమాండ్ ఆ అంకెకు పేరు చెబుతుంది: ఏ ఫంక్షన్, దాని మొదలు నుంచి ఎన్ని బైట్లు. విజయవాడ రహదారిలో బండి ఆగితే ‘సూర్యాపేట దాటి పది కిలోమీటర్లు’ అంటామే, అదే లెక్క. అయితే పేర్ల పట్టికలో కోదాడ లేకపోతే, కోదాడ దాటాక కూడా సూర్యాపేట పేరే వస్తుంది. ఇక బండి మిర్యాలగూడలో ఆగితే, అది అసలు ఆ రోడ్డు మీదే లేదు! అందుకే మంచి కమాండ్ దగ్గరి పేరుతో సరిపెట్టుకోదు. ఫంక్షన్ ఎక్కడ ముగుస్తుందో, చిరునామా ఏ మాడ్యూల్‌దో కూడా చూస్తుంది.

ఆ అంకెలను తర్వాత తీరిగ్గా, కంపైల్ చేసినప్పటి పట్టికతో పోల్చుకోవచ్చు కదా అంటారు కొందరు. ఒకప్పుడు సరే. కెర్నెల్‌ను బూట్ చేసిన ప్రతిసారీ వేరే చోట లోడ్ చేసే సదుపాయం 2014లో లైనక్స్ 3.14తో వచ్చింది, అది అమల్లో ఉంటే పాత అంకెలు నేరుగా పనికిరావు. మరి దాడి చేసేవాళ్లకు తెలియకుండా అలా దాచిన చిరునామాలను ఈ కమాండ్ బయటపెట్టదా? భయం న్యాయమైనదే. కానీ డీబగ్గర్ చేతికొచ్చినవాడు మామూలుగా మెమరీనే చదవగలడు. కట్టడి డీబగ్గర్‌లోకి ప్రవేశానికే పెట్టాలి. అన్నట్టు, డీబగ్గర్లు తనకు గిట్టవని 2000లో రాసిన లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెర్నెల్‌లోకే 2010లో కేడీబీ డీబగ్గర్ చేరింది.