మూసీ మోస్తున్న నగరం

గాలి, నీరు, నేల తమంతట తాము శుభ్రపరచుకోగల పరిమితిని మించి వ్యర్థ పదార్థాలు గానీ, వేడి, ధ్వని వంటి శక్తి రూపాలు గానీ వాటిలో చేరి ప్రాణులకు హాని కలిగించే స్థితిని పర్యావరణ కాలుష్యం అంటారు. ఈ నిర్వచనంలో కీలకమైన మాట ‘పరిమితి’. పొలంలో వేసిన పేడ పైరుకు ఎరువవుతుంది. అదే పేడ చిన్న కుంటలో కుప్పలుగా చేరితే చేపలు చచ్చిపోతాయి. కాబట్టి ఏ పదార్థం చేరుతున్నదో చూసినట్టే, ఎంత చేరుతున్నదో, ఎక్కడ చేరుతున్నదో కూడా చూడవలసి ఉంటుంది.

చేరే చోటును బట్టి కాలుష్యాన్ని వాయు, జల, భూ, ధ్వని కాలుష్యాలుగా విభజిస్తారు. పుట్టే చోటును బట్టి చూస్తే అది రెండు విధాలు. ఫ్యాక్టరీ గొట్టం, మురుగు తూము వంటి గుర్తించదగిన చోట నుంచి వచ్చేది మొదటిది. వానకు పొలాల నుంచి కొట్టుకువచ్చే ఎరువులు, రోడ్ల మీది నూనె మరకలు వంటి, ఫలానా చోటని వేలెత్తి చూపలేనిది రెండవది. ఈ రెండూ కలిసే చోటుకు హైదరాబాదు మధ్యగా పారే మూసీ నది స్పష్టమైన ఉదాహరణ.

వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీకి 1908లో వచ్చిన భారీ వరద తర్వాత, నగరానికి ఎగువన 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మితమయ్యాయి. ఇవి వరదను అదుపు చేసి, తాగునీటిని అందించాయి. అయితే మంచినీరు ఎగువనే ఆగిపోవడం, నగరం పెరిగి మురుగు ఎక్కువ కావడం వల్ల, వానాకాలం తప్ప మిగిలిన రోజుల్లో నదిలో పారేది ప్రధానంగా మురుగే అయింది.

నీటిలో పడిన సేంద్రియ వ్యర్థాలను సూక్ష్మజీవులు కుళ్లబెట్టేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందుకు కావలసిన ఆక్సిజన్ పరిమాణాన్ని ‘జీవరసాయన ఆక్సిజన్ అవసరం’ అంటారు. స్నానానికి పనికివచ్చే నదీజలాల్లో ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశంలోని ప్రమాణం. మురుగు పెరిగి ఆక్సిజన్ అడుగంటినప్పుడు, అది లేకుండానే బతికే మరో రకం సూక్ష్మజీవులు విజృంభించి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తాయి. మురుగుకాలువల దగ్గర ముక్కు మూసుకునేలా చేసే కుళ్లిన గుడ్డు వాసన దానిదే. మురుగులోని నత్రజని, భాస్వరాలను తిని గుర్రపుడెక్క నీటిపై దట్టంగా అల్లుకుంటుంది. సబ్బు పొడుల అవశేషాలు నీరు ఎత్తు నుంచి దూకే చోట తెల్లని నురగగా లేస్తాయి.

సేంద్రియ వ్యర్థాలైతే కాలక్రమంలో కుళ్లి నశిస్తాయి గానీ, సీసం, పాదరసం వంటి భారలోహాలు అలా నశించవు. మందుల అవశేషాలది మరో రకమైన ప్రమాదం. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు ప్రాంతంలో పలు ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో వెలువడిన స్వీడన్ శాస్త్రజ్ఞుల అధ్యయనం చూపింది. అది ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. ఇటువంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులే బతికి వృద్ధి చెందుతాయి.

మిగిలిన కాలుష్యాలకు వస్తే, వాహనాల పొగ, నిర్మాణాల ధూళి, చెత్త మంటలు వాయు కాలుష్యానికీ, పురుగుమందులు, ప్లాస్టిక్ భూ కాలుష్యానికీ, హారన్లు, లౌడ్‌స్పీకర్లు ధ్వని కాలుష్యానికీ ముఖ్య కారణాలు. అయితే ఈ విభజన అధ్యయన సౌలభ్యం కోసమే. నాలా నుంచి తీసిన చెత్తను గట్టున తగలబెడితే జల కాలుష్యం వాయు కాలుష్యంగా మారుతుందే తప్ప తగ్గదు.

జల కాలుష్య నివారణ చట్టం దేశంలో 1974లోనే వచ్చింది. చట్టం ఎంత గట్టిదైనా, నది భరించగల పరిమితిని అది పెంచలేదు. నదిలో చేరేదాన్ని తగ్గించడమొక్కటే మార్గం. నగరంలో సింకులో ఒంపిన నూనె, పారబోసిన మందులు అక్కడితో మాయం కావు. దిగువన మూసీ నీటితో పండే వరి మడులను దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద ఆ నది కృష్ణలో కలుస్తుంది.